యంత్రభాషలో ‘నేను’ ఎవరు?

గ్రామవృద్ధులారా!

ఋణపత్రములో ‘నేను మీకు బాకీ యున్నాను’ అని వ్రాయసగాడు వ్రాయును. ఆ ‘నేను’ వ్రాసినవాడు కాడు. క్రింద చేవ్రాలు చేసినవాడు. ‘ఈ పత్రము’ అన్నచో ఆ కాగితమే. ఈ రెండింటి భేదము తెలియనిచో బాకీ యెవరిదో తేలదు. కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయు స్క్రిప్టు భాషలలోను ఇట్టి చిక్కే కలదు. నేడు మన ఖాతాల నిల్వలు ఫోను తెరమీద చూచుకొనుచున్నాము గనుక, ఈ విచారము మనకును అవసరమే.

1995వ సంవత్సరమున నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్టు భాషను నిర్మించెను. వస్తువు తన్ను తాను చెప్పుకొనుటకు అందు ‘దిస్’ అను మాట కలదు. రామయ్య ఖాతాలో 500 రూపాయలు, సుబ్బయ్య ఖాతాలో 800 రూపాయలు ఉన్నవనుకొందము. రెండింటికిని ‘దిస్ యొక్క నిల్వ చెప్పుము’ అను ఫంక్షను ఒక్కటే. రామయ్య ఖాతా ద్వారా పిలిచిన 500 అనును. సుబ్బయ్య ఖాతా ద్వారా పిలిచిన 800 అనును. వ్రాత మారలేదు, పిలుపు మారినది. ఉత్తమపురుష సర్వనామము పలికినవానినే చెప్పునట్లు, ‘దిస్’ అర్థమును పిలుపే నిర్ణయించును.

ఇక ప్రమాదము వినుడు. ఆ ఫంక్షనును ఖాతానుండి విడదీసి, ‘ఒక నిమిషమైన పిమ్మట పిలువుము’ అని టైమరునకు అప్పగించితిమా, ఆ పిలుపులో రామయ్య ఖాతా ప్రసక్తియే యుండదు. 500 రాదు. చేవ్రాలు లేని నోటులోని ‘నేను’ వలె ఆ ‘దిస్’ రామయ్యను విడిచిపోవును. దీనికి రెండు ఉపాయములు కలవు. 2009 నాటి ప్రమాణములో చేరిన ‘బైండ్’ ఫంక్షనును ముందుగానే ఖాతాతో ముడివేయును. 2015లో చేరిన ‘యారో’ ఫంక్షను తనకు వేఱు ‘దిస్’ లేక, తాను పుట్టిన చోటి ‘దిస్’నే గ్రహించును.

వస్తువు మాట ఇది. స్క్రిప్టు తన్ను తాను ఎఱుగుటకు, అనగా ‘ఈ పత్రము’ అనుటకు, వెబ్ పుటలో ‘డాక్యుమెంట్ కరెంట్‌స్క్రిప్ట్’ అనునది వేఱుగా నున్నది. సాధారణ స్క్రిప్టు మొదట నడచుచున్నంతసేపు అది ఆ స్క్రిప్టునే చూపును. పిమ్మట టైమరు పిలిచినపుడు శూన్యమే చూపును. కావున అవసరమున్నవారు ముందే దానిని ఒక పేరున భద్రపఱచుకొందురు.

మీ మనుమలు ఈ విద్య నేర్చుచు, లెక్క యేల తప్పెనో తెలియక తికమకపడినచో, ‘ఎక్కడ వ్రాసితివి?’ అని గాక ‘ఎవరి ద్వారా పిలిచితివి?’ అని యడుగుడు. పత్రమునకు చేవ్రాలు చూచు అలవాటు గల మీకు ఆ ప్రశ్న క్రొత్తది కాదు.

సెలవు.