లాకుకడ నిరీక్షణము



బందరు, గుడివాడ, దివిసీమలలో పుట్టినవారికి లాకు అను మాటకు అర్థము చెప్పనక్కరలేదు. 1855లో బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట ముగిసిన పిదప, డెల్టా కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు బాటలుగను ఉపకరించినవి. నీటిమట్టము దిగుచోట్ల రెండు జతల తలుపులతో లాకులు కట్టిరి. ఎగువకు పోవు ధాన్యపు పడవయైనను, దిగువకు వచ్చు సరకు పడవయైనను, లోపలి పడవ వెలువడువరకు ఆగవలసినదే. ఆ పడవల కాలము గడచినది. కాని లాకు అను మాట నేడు కంప్యూటరు విద్యలోను వినబడుచున్నది. అచ్చటను దాని పని ఇంచుమించుగా ఇదియే.

కంప్యూటరును నడపు ఆపరేటింగ్ సిస్టమునకు నడిబొడ్డు కెర్నెల్. మెమొరీని పంచుట, పనులకు వంతులు వేయుట దాని బాధ్యత. నేటి యంత్రములలో పెక్కు ప్రాసెసర్లు ఏకకాలమున ఈ కెర్నెల్‌లో మెలగును. ఖాళీగా నున్న మెమొరీ పుటలు పది అనుకొందము. రెండు ప్రాసెసర్లు ఒక్క క్షణముననే పది యని చదివి, చెరియొక పుట తీసికొని, తొమ్మిది యని వ్రాసినచో పోయినవి రెండు, తగ్గినది ఒకటి! ఒకే పుట ఇద్దరి పాలైనచో ఒకరి వ్రాతమీద మరియొకరు వ్రాసినట్లగును. కావున ఒక సమయమున ఒక్కరే ప్రవేశింపవలయును.

చూచుటకును పట్టుటకును నడుమ సందున్నచో లాకు వ్యర్థము. ఖాళీయని ఇద్దరు చూచి ఇద్దరును చొరబడుదురు. సామాన్యమైన చదువు వ్రాతలతోనే ఈ చిక్కును తీర్చు మార్గమును డైక్స్‌ట్రా పండితుడు 1965లో ప్రకటించెను. నేటి ప్రాసెసర్లలో ఇందులకు ప్రత్యేకమైన ఆజ్ఞయే కలదు: గుర్తు స్థానమున 1 ఉంచి, పాత విలువను ఒక్క చర్యలోనే తెచ్చును. వచ్చినది 0 అయినచో లాకు మనది. 1 అయినచో పరులది, మరల అడుగవలయును. ఇట్లు విడువక అడుగుచు తిరుగుటచేతనే దీనికి స్పిన్ లాకు అని పేరు.

ఇది వృథాశ్రమ కాదా యని మీరడుగవచ్చును. లాకు క్షణములో తెరచుకొనునని తెలిసిన పడవవాడు గెడ చేతబట్టి నిలుచును. ఆలస్యమగునన్నచో పడవ కట్టివేసి వంట మొదలిడును. కట్టుటకును విప్పుటకును పట్టు కాలము నిరీక్షణకంటె మిక్కిలియైనచో నిలుచుటయే లాభము. కాని లాకు పట్టినవాడు లోపల నిద్రించినచో బయటివారందరి శ్రమయు మట్టిపాలు. కావున స్పిన్ లాకు చేతనుండగా నిద్ర తగదు.

ఇంకొక ప్రమాదము గలదు. లాకు పట్టియున్న ప్రాసెసరునకు నడుమ ఇంటరప్టు వచ్చి, ఆ పనియు అదే లాకును కోరినచో, ప్రాసెసరు తన మొలనున్న తాళపుచెవికై తానే యెదురుచూచును. ఆ నిరీక్షణకు అంతము లేదు. అందుచేత అట్టి లాకును పట్టుటకు ముందే ఆ ప్రాసెసరుమీద ఇంటరప్టులను ఆపుదురు. రెండు లాకులు కావలసినచోట అందరును ఒకే వరుసలో పట్టవలయును.

న్యాయమును ముఖ్యమే. బలవంతుడే ముందు దూరినచో ముందు వచ్చినవాడు నిలిచిపోవును. అందులకై లినక్సు కెర్నెల్‌లో 2008లో చీటీల పద్ధతి ప్రవేశపెట్టిరి. వచ్చిన వరుసనే వంతు. 1996లో వెలువడిన లినక్సు రెండవ కూర్పులో కెర్నెలంతటికిని ఒక పెద్ద లాకు ఉండెడిది. ప్రాసెసర్లు పెరుగగా పనులన్నియు దానికడ నిలిచిపోయెను. క్రమక్రమముగా చిన్న లాకులుగా విడదీసి, 2011లో దానిని పూర్తిగా తొలగించిరి.

కావున లాకు వేయుట సులువు. దానిని ఎంత చిన్నదిగా, ఎంత కొద్దిసేపు పట్టవలయునో యెరుగుటయే విద్య. లోపలివాని త్వరయే బయటివాని న్యాయము.