పండుగ కానుకలు – స్వహస్త నిర్మాణము
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు సంస్కృత విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో శబ్దములు వల్లింపజేసినవారము గనుక ఆ విషయమైనచో మాకు సులభముగానే యుండెడిది. వినువారికి నిద్రయు సులభముగా వచ్చెడిది. కాని రెండేండ్ల క్రిందటి సంక్రాంతికి మా వీథిలో జరిగిన యొక చిన్న సంగతి మా మనస్సును విడువకున్నది. అందుచేత వారి యనుమతి బొంది, పాత కాగితములు, మెంతులు, చింతపిక్కలు, తాటాకు అను నల్పవస్తువులను గూర్చి మాటలాడ సాహసించుచున్నాము. విషయము అల్పమని పెద్దలు మమ్ము మందలింపకుందురు గాక. వాత్స్యాయనుడు చతుష్షష్టి కళలను లెక్కించినపుడు పూలమాలలు గ్రుచ్చుటను, పేము అల్లుటను, పిల్లల యాటవస్తువులు చేయుటను గీతనృత్యములున్న పట్టికయందే చేర్చినాడు. వానికి దిగువ మెట్టున వేఱొక పట్టిక వ్రాయలేదు.

బొమ్మల కొలువు మనలో పెక్కిండ్ల నున్న యాచారము. కోస్తా జిల్లాలలో సంక్రాంతికిని, మఱికొన్ని తావుల దసరా నవరాత్రులయందును మెట్లు కట్టి, తెల్లని గుడ్డ పఱచి, బొమ్మలు నిలిపి, సాయంకాలము ముత్తైదువలను పేరంటమునకు పిలుతురు. మా బాల్యమున వచ్చినవారికి పసుపు, కుంకుమ, రెండు తమలపాకులు, ఒక వక్క, గుప్పెడు నానిన సెనగలు ఇచ్చి పంపెడివారు. తరువాత రవికెగుడ్డ చేరినది. ఆ మీదట ప్లాస్టికు డబ్బా. ఆ మీదట స్టీలు గిన్నె. ఇప్పుడు వెండి పూత పూసిన కుంకుమ భరిణె. ఒకరింట స్టీలు పుచ్చుకొన్నవారు తమ యింట సెనగలతో సరిపెట్టుటకు సిగ్గుపడుదురు. ఇది పత్రము లేని ఋణము. వడ్డీ మాత్రము ఏటేట పెరుగును.

మా వీథి చివర మన సంఘీయుల కుటుంబమొకటి కలదు. గృహస్థు ఒక దుకాణమున లెక్కలు వ్రాయును. వారి చిన్నది తొమ్మిదేండ్ల పిల్ల, సాయంకాలములు మా యొద్దకు అమరము వల్లించుటకు వచ్చెడిది. ఆ సంవత్సరము భోగినాడు మా యింటికి వచ్చి మా కొలువు ముందు చాలసేపు నిలిచినది. “మీ యింట్లో కొలువు పెట్టలేదేమమ్మా?” అని యడిగితిమి. “బొమ్మలున్నాయండీ తాతగారూ, పంచడానికే ఏమీ లేవు. అమ్మ వద్దంది” అని చెప్పి పరుగెత్తిపోయినది. ఆ తల్లి ఆ యేడు ఎవరి పేరంటమునకును రాలేదు. పుచ్చుకొన్నచో తిరిగి యీయవలె గదా!

ఆ సంవత్సరము మా యింట పంచినవి స్టీలు డబ్బాలు. పట్టణమున నున్న మా కుమారుడు నలువది కొని, మూతలపై మా యింటిపేరు చెక్కించి పంపినాడు. మేము వానిని చూచి సంతసించితిమి కూడ. కనుక ఈ విషయమున నిందింపదగినవారి పట్టికలో మొదటి పేరు మాదియే.

ఆ రాత్రి మాకు శూద్రకుని మృచ్ఛకటికము జ్ఞప్తికి వచ్చినది. ఆ నాటకమునకు పేరే మట్టిబండినిబట్టి వచ్చినది. దరిద్రుడైన చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగింటి బాలుని బంగారుబండితో ఆడుకొని, ఆ బాలుడు దానిని తీసికొనిపోగా ఏడ్చును. దాసియైన రదనిక మట్టితో బండి చేసి యిచ్చును. పిల్లవాడు అది వలదనును. వసంతసేన చూచి, జాలిపడి, తన యాభరణములతో ఆ మట్టిబండిని నింపును. ఆఱవ యంకమునందలి యీ ఘట్టమును తరగతిలో చెప్పినప్పుడెల్ల మేము వసంతసేన యౌదార్యమునే కొనియాడితిమి. రదనికను ఒక్కనాడును తలపలేదు. ఆమె చేసిన బండియందు లోపమేమియు లేదు; పొరుగింట బంగారుబండి యుండుటయే దాని లోపము. ఆ మీదట జరిగినదేమి? ఆ బండిలో పోసిన నగలే తొమ్మిదవ యంకమున న్యాయసభలో మైత్రేయుని చంకనుండి జాఱిపడి, చారుదత్తుని వధ్యస్థానమునకు ఈడ్చుకొనిపోయినవి. మట్టిబండిని మట్టిబండిగానే విడిచియుండిన నాటకము రెండంకములు తక్కువయ్యెడిదేమో గాని, ఆ కుటుంబము సుఖముగా నుండెడిది.

మఱునాడు మా గృహిణితో ఆలోచించితిమి. “మీ అమ్మగారు పిండి పోసుకునే కాగితపు బుట్టలు జ్ఞాపకమున్నాయా?” అని ఆమెయే యడిగినది. జ్ఞాపకము లేకేమి! మా తల్లిగారు ఏటేట వేసవిలో అట్టి బుట్టలు నాలుగైదు చేసెడివారు. ఆ విధానమును మా గృహిణి జ్ఞాపకమునుండియు, మా పొరపాట్లనుండియు మరల నేర్చుకొంటిమి. ఇక్కడ కొంచెము విస్తరముగా చెప్పెదము. సోదరీమణులు శ్రద్ధగా వినవలె, సోదరులు మఱింత శ్రద్ధగా వినవలె, రోకటిపోటు వారి వంతు గనుక.

పాత వార్తాపత్రికలను గ్రహింపుడు. నిగనిగలాడు రంగుపుటలు నానవు గనుక వానిని విడువుడు. కత్తెరతో కోయక చేతితోనే చింపవలె; చింపిన అంచున నారలు విడి నీటిని త్వరగా పీల్చును. ఆ ముక్కలను మూడు దినములు నీట నానబెట్టి, దినదినమును నీరు మార్పవలె. మార్పనిచో ఇల్లంతయు కంపుకొట్టును. ఎండు కాగితము కిలో యున్నచో పావుకిలో మెంతులను ముందురాత్రి నానవేసి, మెత్తగా జిగురువచ్చువఱకు రుబ్బవలె. నానిన కాగితమును పిండి, రోట వేసి దంచి, మెంతిపిండి కలిపి మరల దంచవలె. రోలు లేనివారు మిక్సీలో నీరు ఎక్కువగా పోసి, కొంచెము కొంచెముగా త్రిప్పి, పిమ్మట గుడ్డలో వడకట్టవచ్చును. తొందరపడి జాడీ నిండ వేసి మేము ఒక మోటారును కాల్చితిమి. గుజ్జు రొట్టెపిండికంటె కొంచెము మెత్తగా నుండవలె.

ఒక గిన్నెను బోర్లించి, తడిసిన పలుచని గుడ్డ కప్పి, దానిపై గుజ్జును అప్పడములవలె అద్దుచు, అంచులు కలియునట్లు తట్టవలె. మందము పావు అంగుళమునకు తగ్గరాదు, అర అంగుళమునకు మించరాదు. గిన్నె మూతియొద్దనే వెడల్పుగా నుండవలె. కడుపు పెద్దదై మూతి చిన్నదైన కుండపై అద్దినచో బుట్ట ఎండిన పిమ్మట ఊడిరాదు, కుండ పగులగొట్టవలసి వచ్చును. మొదటిదినము నీడను, తరువాత మూడు నాలుగు దినములు ఎండను ఉంచవలె. మొదటనే ఎండలో పెట్టిన బీటలు వాఱును. సగమెండినపుడు గరిటె వెనుకభాగముతో రుద్దినచో నున్ననగును.

చింతపిక్కలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, నీరు పోసి సన్నని సెగపై అంబలివలె కాచిన చక్కని జిగురు సిద్ధమగును. కొండపల్లి బొమ్మలు చేయు శిల్పులు తెల్లపొణికి కఱ్ఱతో మలచిన యంగములను అతుకుటకు రంపపుపొట్టును ఈ పిక్కలపిండితోనే కలిపి మక్కు చేయుదురు. ఆ జిగురును బుట్టకు లోపల వెలుపల రెండు పూతలు పూసి, ఎండిన పిమ్మట సుద్దపూత పూసి, రంగు వేయవలె. పసుపు సున్నము కలిసిన వచ్చు ఎఱుపు మిక్కిలి యందముగా నుండును గాని నిలువదు. ఎండ తగిలిన వెలిసిపోవును. నిలుకడ కావలెనన్న జేగురు మేలు. నలుపునకు దీపపు మసి, నీలమునకు నీలిమందు చాలును. విశాఖ ప్రాంతమున వరాహనది యొడ్డుననున్న ఏటికొప్పాక లక్కబొమ్మలకు మొక్కలనుండి తీసిన రంగులను మరల వాడుకలోనికి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ పురస్కారము లభించినది. కావున ఈ రంగుల పని చేతకానివారి పని యని ఎవరును తలపవలదు.

ఒక హెచ్చరిక. అచ్చుసిరా యున్న కాగితమున తినుబండారములు చుట్టరాదని భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ 2016లోనే తెలిపినది. కావున ఈ బుట్టలో నువ్వులుండలు పెట్టునపుడు అరటియాకు ముక్కగాని విస్తరాకు గాని పఱచి పెట్టవలె. నీరు తగులనీయరాదు. మెంతుల చేదుకు పురుగు చేరదని పెద్దలందురు. అయినను ఏటికొక్కమాఱు ఎండలో పెట్టుట మేలు.

మొదటి సంవత్సరము మేము ధనుర్మాసమున పని ప్రారంభించి చెడితిమి. మంచు విడువలేదు, ఎండ లేదు. పదునాలుగు బుట్టలకు బూజు పట్టినది. మరుసటియేడు కార్తీకమాసముననే మొదలిడి, ఆ చిన్నది, దాని తల్లి, మా గృహిణి, మేము కలిసి ఇరువదియొక్క బుట్టలు చేసితిమి. మూడు బీటలువాఱినవి. మెంతులకు తప్ప మఱి దేనికిని చేతినుండి పైకము పడలేదు. ఆ సంక్రాంతికి ఆ యింట కొలువు తీరినది. పదునొకండుగురు ముత్తైదువలు వచ్చిరి. బుట్టలో నువ్వులుండలు రెండు, పసుపుకొమ్ము, తాంబూలము పెట్టి యిచ్చినారు. పలువురు త్రిప్పి త్రిప్పి చూచి, “ఎలా చేశారమ్మా?” అని యడిగిరి. మనలోనివారే యైన యొకామె మాత్రము, “కాగితమా!” అని, తాంబూలము తీసికొని, బుట్టను అరుగుమీదనే విడిచిపోయినది. పిల్ల చూచినది. ఏమియు ననలేదు. ఆ బుట్ట ఇప్పుడు మా బల్లపై మా కండ్లద్దములకు నివాసము.

ఈ సంగతి యెవరిని నొప్పించుటకును చెప్పుట లేదు. పేదయింట చేతితో చేసిన కానుక పేదఱికమునకు గుర్తుగా కనబడును. సంపన్నులయింట చేసినదైనచో అదియే ముచ్చటగా కనబడును. కావున పోషకులారా! మీ యిండ్లనుండియే మొదలు కావలె. ఈ వేదికపై కూర్చున్నవారి కోడండ్రు, కూతుండ్రు రానున్న పండుగకు స్టీలును మాని ఒక్కయేడు కాగితపు బుట్టలు పంచినచో, మా వీథి చివరి తల్లి తల యెత్తుకొని పేరంటమునకు వచ్చును. మీరు విరాళమొసంగి పేదలకు కానుకలు కొనిపెట్టుదుమన్న, అది వసంతసేన పనియగును. మాకు కావలసినది రదనిక పని.

తెలంగాణమున బతుకమ్మను చూడుడు. తంగేడు, గునుగు, బంతి పూవులను పళ్లెమున పేర్చుటకు వెల యేమున్నది? అయినను 2014లో దానిని రాష్ట్రపండుగగా ప్రకటించిరి. ఎత్తు విషయమున అక్కడను పోటీ యున్నదని మా తెలంగాణ బంధువులొకరు నవ్వుచు చెప్పిరి. కాని అది చేతినేర్పు పోటీ; కొనుగోలు పోటీ కాదు.

చేతివృత్తులవారి పొట్టకొట్టుమని మేము చెప్పుట లేదు. కొలువునకు ఏటేట ఒక కొండపల్లి బొమ్మయో, ఏటికొప్పాక బొమ్మయో, నిర్మల బొమ్మయో కొనుడు, వెల బేరమాడకుడు. పంచునవి మాత్రము ఇంట చేయుడు. మెట్లకు థర్మోకోలు అట్టలు వలదు. అలంకరణమునకు వాడు థర్మోకోలును 2022 జులై 1 నుండి దేశమంతట నిషేధించిరి. పెట్టెలు పేర్చి పాతచీర కప్పినను మెట్లగును.

బుట్టలకు తీరిక లేనివారికి తాటాకున్నది. విచ్చుకొనని లేత మొవ్వాకును నీడను ఆరబెట్టి, సన్నని చీలికలు చేసి, పసుపునీట ముంచి అల్లిన చిలుకలు, గిలకలు, చిన్నపెట్టెలు ఎన్నియైన చేయవచ్చును. గిలకలో నాలుగు గులకఱాళ్లు వేసిన చంటిపిల్లలకు కానుక. తాటాకు బొమ్మల పెండ్లి ఆడుకొననివారు ఈ సభయందు అఱువదేండ్లు దాటినవారిలో ఎవరును ఉండరు. మీ మనుమరాండ్రకు ఆ బొమ్మకు చీర కట్టుట మీరే నేర్పవలె. పుస్తకమునుబట్టి అది రాదు. దర్జీయొద్ద మిగిలిన పేలికలతో తాంబూలపు సంచులు కుట్టుట అందఱెఱిగినదే గనుక విస్తరింపము.

సభామంటపపు తూర్పు ద్వారమునొద్ద బల్లపై ఈ యేడు చేసిన తొమ్మిది బుట్టలును, ఆ చిన్నది అల్లిన తాటాకు చిలుకలును ఉంచితిమి. ఆ పిల్లయు, తల్లియు అక్కడనే యున్నారు. గుజ్జు కలుపుట చేసి చూపుదురు. బుట్టలు కావలసినవారు తీసికొనవచ్చును, వెల లేదు. అంచు విఱిగిన యొక్కటి మాత్రము విడువుడు. అది మేము చేసినది.