సాకెట్ ద్వారా వెబ్ సర్వరుకు అర్జీ



సాకెట్ అనగానే మన ఇళ్ళలో అందరికీ గోడమీద కరెంటు ప్లగ్గు గుచ్చే చోటు గుర్తుకొస్తుంది. ఈ పూట నేను మాట్లాడబోయే సాకెట్ దానికి దూరపు చుట్టం. ఒక కంప్యూటరులోని ప్రోగ్రాము మరో కంప్యూటరులోని ప్రోగ్రాముతో మాట్లాడేందుకు ఏర్పాటైన ద్వారమిది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 1983లో విడుదల చేసిన యూనిక్స్‌తో ఇది వాడుకలోకి వచ్చింది. నలభై ఏళ్ళు దాటినా అందులోని ముఖ్యమైన ఆజ్ఞల పేర్లు అవే.

మనం ఫోనులో ఒక పేజీ తెరిచినప్పుడల్లా బ్రౌజరు మన తరఫున ఒక అర్జీ రాసి ఎక్కడో ఉన్న సర్వరుకు పంపుతుంది. ఆ అర్జీ మనకు కనబడదు. బ్రౌజరు సాయం లేకుండా, మనమే ఒక చిన్న ప్రోగ్రాము రాసి ఆ అర్జీ పంపితే ఎలా ఉంటుంది, ఎక్కడెక్కడ చెయ్యి తడబడుతుంది అన్నది నేటి ప్రసంగ విషయం. హోసూరు దగ్గరి పల్లె నుంచి మా పాలిటెక్నిక్‌కు వచ్చి చదువుకున్న ఒక కుర్రవాడు ఇందులో చేసిన పొరపాటు వల్ల, వాళ్ళ తాతగారి పుస్తకాల జాబితాలో మూడింట రెండు వంతులు పోబోయింది. ఆ సంగతి ఉంది కాబట్టే ఈ విషయం ఎంచుకున్నాను.

ఆ కుర్రవాడికి ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. తాతగారు తమ ఊరి పఠన మందిరంలోని తెలుగు పుస్తకాల పేర్లన్నీ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టారు. పుస్తకాలు చాలావరకు చేతులు మారి పోయాయి. మిగిలింది ఆ నోటుపుస్తకం, దానికీ చెద పట్టింది. మనవడు వేసవి సెలవుల్లో పేర్లన్నీ టైపు చేసి, ఒక్కొక్కటిగా మా లేబొరేటరీలోని సర్వరుకు పంపే ప్రోగ్రాము రాయడానికి పూనుకున్నాడు.

ప్రోగ్రాము చేసే పని టెలిఫోను చేయడం లాంటిదే. ముందు సర్వరు పేరు చెప్పి దాని అంకెల చిరునామా తెలుసుకోవాలి. తరువాత సాకెట్ తెరవాలి, కనెక్ట్ అనాలి, అంటే నంబరు తిప్పడమన్న మాట. ఒక కంప్యూటరులో ఎన్నో కిటికీలుంటాయి. వాటిని పోర్టులంటారు. వెబ్ అర్జీలు తీసుకునే కిటికీ 80. అవతల పలికాక సెండ్ అని అర్జీ పంపాలి, రిసీవ్ అని జవాబు తీసుకోవాలి, క్లోజ్ అని పెట్టేయాలి. అంతే!

ఇక అర్జీ ఎలా ఉంటుందో చూద్దాం. అది రహస్య భాషేమీ కాదు, కంటితో చదువుకోగల మామూలు పంక్తులే. టిమ్ బెర్నర్స్ లీ జెనీవాలోని సెర్న్ పరిశోధన సంస్థలో దీన్ని రూపొందించినప్పుడు, 1991లో, అర్జీ మొత్తం ఒక్క పంక్తే. గెట్ అనే మాట, పక్కన కావలసిన కాగితం పేరు. 1996లో 1.0 పద్ధతి, 1997లో 1.1 పద్ధతి వచ్చేసరికి మర్యాదలు పెరిగాయి. ఇప్పుడు మొదటి పంక్తిలో మూడు మాటలుండాలి. గెట్ అనే ఆజ్ఞ, ఏటవాలు గీతతో మొదలయ్యే దారి, ఆ తరువాత మనం ఏ పద్ధతిలో మాట్లాడుతున్నామో తెలిపే హెచ్‌టిటిపి 1.1 అనే గుర్తు. రెండో పంక్తిలో హోస్ట్ అని రాసి సర్వరు పేరు రాయాలి.

నంబరు తిప్పి పిలిచాక మళ్ళీ పేరెందుకు అని మీరు అడగవచ్చు. ఒకే వాకిట్లో పది కాపురాలున్నట్టు, ఒకే చిరునామాలో ఎన్నో వెబ్‌సైట్లుంటాయి. వాకిలి తట్టాక ఎవరింటికి వచ్చామో చెప్పాలి కదా! 1.1 పద్ధతిలో హోస్ట్ పంక్తి రాయకపోతే సర్వరు 400 అనే అంకెతో అర్జీ తిప్పి పంపుతుంది.

మన కుర్రవాడు ఈ రెండు పంక్తులూ తప్పులేకుండా రాశాడు. ప్రోగ్రాము నడిపాడు. జవాబు లేదు. లైను పోయిందనుకున్నాడు. తీగలు ఊడదీసి మళ్ళీ పెట్టాడు. అయిదారుసార్లు ప్రయత్నించి నా దగ్గరికొచ్చి, "సార్, సర్వరు చచ్చిపోయింది" అన్నాడు. సర్వరు బ్రహ్మాండంగా ఉంది. అర్జీ ముగిసిందని దానికెవరూ చెప్పలేదు, అంతే. మన అర్జీల్లో చివర ఇట్లు అని రాసి సంతకం పెడతాం చూడండి, వెబ్ అర్జీలో ఆ పని చేసేది ఒక ఖాళీ పంక్తి. అది లేకపోతే ఇంకా ఏదో రాస్తారని సర్వరు ఎదురు చూస్తుంది, జవాబు వస్తుందని ప్రోగ్రాము ఎదురు చూస్తుంది. మీరు ముందు అంటే మీరు ముందని గడపలో నిలబడిపోయిన వియ్యంకుల్లాగా!

ఆ పంక్తి ముగించడంలోనూ ఒక పట్టింపు ఉంది. టైపు ఇన్‌స్టిట్యూటుకు వెళ్ళినవారికి తెలుస్తుంది. పంక్తి చివర రెండు పనులు జరగాలి. క్యారేజీ మొదటికి రావాలి, కాగితం ఒక గీత పైకి జరగాలి. టైపు మిషన్లు మూలబడ్డాయి గాని ఆ రెండు పనులూ అర్జీలో అలాగే ఉండిపోయాయి. మొదటిదానికి 13, రెండోదానికి 10 అనే సంకేతాలు. కాబట్టి గెట్ అర్జీ చివర 13, 10, 13, 10 అని నాలుగు బైట్లు పడాలి. కొన్ని సర్వర్లు ఒట్టి 10 చూసి సర్దుకుపోతాయి. ఆ మంచితనాన్ని నమ్ముకోకండి.

జవాబు తీసుకోవడంలో చాలామంది పడే గుంట మరొకటుంది. రిసీవ్ అని ఒకసారి అడిగితే జవాబంతా వచ్చేస్తుందనుకుంటారు. సాకెట్‌లో వచ్చేది పార్సెలు కాదు, కుళాయి నీళ్ళు. బిందె పెడితే ఒకసారి సగం నిండవచ్చు, ఒకసారి చెంబెడే రావచ్చు. ధార పూర్తిగా ఆగేదాకా పడుతూనే ఉండాలి. 1.1 పద్ధతిలో జవాబు ముక్కలు ముక్కలుగా, ప్రతి ముక్కకూ ముందు దాని కొలతతో రావడం కూడా కద్దు. నేర్చుకునేవారు మొదట 1.0 అని రాసుకుంటే ఆ బెడద ఉండదు. నా సలహా అదే.

ఇక అసలు సంగతి. కాగితం అడగడానికి గెట్ చాలు. మనమే ఏదైనా ఇచ్చి దాచమనడానికి పోస్ట్ అనే ఆజ్ఞ వాడతారు. అప్పుడు ఖాళీ పంక్తి తరువాత మనం ఇచ్చే సరుకు ఉంటుంది. ఆ సరుకు ఎంతో ముందే కంటెంట్ లెంగ్త్ అనే పంక్తిలో చెప్పాలి. సర్వరు అంతే చదువుతుంది. ఎక్కువ చెబితే మిగతాది వస్తుందని కూర్చుంటుంది, తక్కువ చెబితే మిగిలినది వదిలేస్తుంది.

కుర్రవాడు ముందు ఇంగ్లీషు పేర్లతో పరీక్షించాడు. అన్నీ సరిగ్గా వెళ్ళాయి. తరువాత తాతగారి జాబితా పంపాడు. ప్రతి పేరుకూ సర్వరు 200 అని బదులిచ్చింది. 200 అంటే సరే అని అర్థం. పని అయిందని సంబరపడి, తాతగారిని తీసుకొచ్చి తెర ముందు కూర్చోబెట్టాడు. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చదివారు. రామాయణం ఉండవలసిన చోట రా అని ఉంది, పక్కన ఒక ప్రశ్నార్థకం. భాగవతానికి భా. మహాభారతానికి మహ, మళ్ళీ ప్రశ్నార్థకం. "ఏమప్పా, రా రా అని ఎవురిని పిలస్తా ఉండావు?" అన్నారాయన. కుర్రవాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. టైపు చేసిన ఫైలు ఇంకా ఉందా లేదా అన్నది నాకు ముందుగా వచ్చిన అనుమానం. అదృష్టవశాత్తూ ఉంది.

జరిగిందేమిటంటే, కంటెంట్ లెంగ్త్‌లో చెప్పవలసింది అక్షరాలు కాదు, బైట్లు. తెలుగు అనే మాట మనకు మూడక్షరాలు. యూనికోడ్‌లో గుణింతపు గుర్తులు వేరుగా లెక్కకు వస్తాయి, కనుక ఆరు. పంపేటప్పుడు వాడే యూటీఎఫ్ 8 పద్ధతిలో ఆ ఆరింటికీ తలా మూడు బైట్లు, అంటే పద్దెనిమిది. ఇంగ్లీషులో అక్షరానికి ఒక బైటే కాబట్టి పరీక్షలో తప్పు బయటపడలేదు. కుర్రవాడు రాసింది పైథాన్ భాషలో. పంపేముందు మాటను బైట్లుగా మార్చాడు, కాని పొడవు మాత్రం మార్చకముందే కొలిచాడు. పద్దెనిమిది పంపుతూ ఆరని చెప్పాడు. సర్వరు ఆరు చదివి సరేనంది. 200 అంటే మీరు చెప్పినంతా అందిందని మాత్రమే, మీరు అనుకున్నదంతా అందిందని కాదు.

ఈ లెక్క మన ఒక్కరిదే కాదు. బళ్ళారిలో కన్నడం పంపినా, హోసూరులో తమిళం పంపినా, బరంపురంలో ఒడియా పంపినా ప్రతి గుర్తుకూ మూడు బైట్లే. యానాంలో పాత ఫ్రెంచి కాగితాలు ఎక్కించేవారికి మరో చిక్కు. ఫ్రెంచిలో నెత్తిన గీత పెట్టిన అక్షరానికి రెండు, మామూలు అక్షరానికి ఒకటి. సి భాషలో రాసేవారికి ఈ ప్రమాదం తక్కువ. అక్కడ మామూలుగా పొడవడిగితే బైట్లే చెబుతుంది.

ఇంట్లో ప్రయత్నించాలనుకునేవారికి ఒక మాట. ఇప్పుడు చాలా వెబ్‌సైట్లు 443వ కిటికీలో, తాళం వేసిన భాషలోనే మాట్లాడతాయి. 80వ కిటికీకి వెళితే 301 అని, అటు వెళ్ళమని చెబుతాయి. కాబట్టి మీ కంప్యూటరులోనే పైథాన్‌తో వచ్చే చిన్న సర్వరును నడుపుకోండి. అది మామూలుగా 8000వ పోర్టులో ఉంటుంది. గెట్ అర్జీలకు అది చాలు. పోస్ట్ పంపితే మాత్రం నాకు చేతకాదని 501 చెబుతుంది.

కుర్రవాడు ప్రోగ్రాములో రెండు పంక్తులు తారుమారు చేశాడు. ముందు బైట్లుగా మార్చడం, తరువాత కొలవడం. పంపిన ప్రతి పేరునూ గెట్‌తో వెనక్కి తెప్పించి సరిచూసే ఏర్పాటు కూడా చేశాడు. ఆ మరుసటి వారం తాతగారు చెదపట్టిన నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని, తెరమీద పేర్లు ఒక్కొక్కటే చదువుకుంటూ వెళ్ళారు. ఒక్కచోట ఆగారు. అక్కడ తప్పు ప్రోగ్రాముది కాదు. మనవడు టైపు చేస్తూ ఒక వత్తు మరిచిపోయాడు.