ముసలి కుక్కకు స్నానమంటే బెదురెందుకు?

చిన్నప్పుడు బకెట్ చూస్తే తోకాడించిన కుక్క, 10 ఏళ్లు దాటాక మంచం కిందికి దూరుతుంది. మొండితనం కాదది, చాలాసార్లు కీళ్లనొప్పి. చూపు, వినికిడి తగ్గిన కుక్కను వెనక నుంచి తాకితే ఉలిక్కిపడుతుంది. ముందు మీ చేతిని వాసన చూడనివ్వండి. నున్నటి గచ్చు మీద కాళ్లు జారతాయి, పాత గోనెసంచి పరవండి. నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు. ఇవాళ దువ్వడం, రేపు రెండు గోళ్లు; అన్నీ ఒకేరోజు అక్కర్లేదు. గోళ్ల కొసలే తీయండి, లోపల రక్తనాళం ఉంటుంది. పదేపదే ఆవలిస్తున్నా, పెదవులు నాకుతున్నా భయపడుతోందేమో చూసి, కాసేపు ఆపేయండి. మా ఇంట్లోనైతే పళ్లేనికి కాస్త పెరుగు రాసి ముందు పెడతాం; నాకే పనిలో పడి దువ్వెన సంగతే మరిచిపోతుంది. మనుషుల నిద్రమాత్రలు, పారాసిటమాల్ మాత్రం వేయకండి. మరీ బెదిరిపోతుంటే పశువుల డాక్టరుని అడగండి.