లెక్క అడిగిన ఊరు: కాచిగూడ స్టేషను చరిత్ర



మాస్టారు చరిత్ర పాఠంలో తేదీ చెప్పి ఊరుకునేవారు కాదు. కోట గురించి చెప్పినా, చెరువు గురించి చెప్పినా, "దీనికి డబ్బు ఎవరు పెట్టారు?" అని అడిగేవారు. ఆయన పేర జరిగే ఈ ఉపన్యాసానికి నేను కాచిగూడ స్టేషనును ఎంచుకున్నది ఆ ప్రశ్న వల్లనే.

భవనం 1916 నాటిది, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో కట్టింది. రైలు కథ మాత్రం అంతకు నలభై ఏళ్ల ముందే మొదలైంది. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉండగా 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు లైను పడింది. వాడి మీదుగా పోయే బొంబాయి–మద్రాసు లైనుతో తమ కంటోన్మెంటును కలుపుకోవడం ఇంగ్లీషువాళ్ల అవసరం. ఖర్చు మాత్రం నిజాం ఖజానాది.

ఇక 1883. ఈ చరిత్రలో నాకన్నిటికన్నా ముఖ్యమైన సంవత్సరం ఇదే. రైలును చాందా, బెజవాడల వైపు పొడిగించే పథకం వచ్చింది. లండన్‌లో కంపెనీ పెట్టి, వాటాదారులకు వడ్డీ పూచీ హైదరాబాదు సర్కారు ఇవ్వాలన్నారు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే పేరులో ఉన్న "గ్యారంటీ" ఆ పూచీయే. లాభం వచ్చినా రాకపోయినా వడ్డీ కట్టవలసింది ఇక్కడి రైతు శిస్తు నుంచే. షరతులు జనానికి చెప్పండి, చర్చ జరగనివ్వండి అని కొందరు పెద్దలు గట్టిగా అడిగారు. వారిలో ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఒకరు. ఎడిన్‌బరోలో డాక్టరేటు చేసి వచ్చి ఇక్కడ చదువు చెబుతున్న అఘోరనాథ్ చట్టోపాధ్యాయ మరొకరు. సర్కారు సమాధానం చెప్పలేదు. ఆ మే నెలలోనే అఘోరనాథ్‌ను ఊరు దాటించింది. ఆయన కూతురు, కాబోయే సరోజినీ నాయుడికి అప్పటికి నాలుగేళ్లు. హైదరాబాదులో పౌరులు సర్కారును బహిరంగంగా నిలదీసిన తొలి ఘట్టాల్లో ఇది ఒకటి. అది రైలు గురించే కావడం నాకు చిన్న విషయంగా తోచదు.

పథకం ఆగలేదు. 1889 నాటికి పట్టాలు బెజవాడ చేరాయి. ఆ తర్వాత గోదావరి లోయ రైల్వే పేర మన్మాడ్ దాకా మీటర్‌గేజ్ వేశారు. దక్షిణాన మహబూబ్‌నగర్ వైపు పోయే మీటర్‌గేజ్ లైను మీద లేచినదే కాచిగూడ.

స్టేషను ముందు ఒక్క అయిదు నిమిషాలు నిలబడి చూడండి. నడుమ పెద్ద గుమ్మటం, పక్కల చిన్నవి, వాటి వెంట మీనార్లు. పర్దా పాటించే స్త్రీలు పరాయి కంట పడకుండా బండెక్కే ఏర్పాటు కూడా ఆ రోజుల్లో ఇక్కడ ఉండేది. ఎవరు ఎక్కుతారో ఆలోచించి కట్టిన స్టేషను ఇది.

1930లో సర్కారు కంపెనీ నుంచి రైల్వేను కొనేసింది. రెండేళ్లకు ఆ రైల్వేయే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. మన ఆర్టీసీకి మూలం అదే. 1951లో ఈ లైన్లు సెంట్రల్ రైల్వేలో కలిశాయి, 1966లో దక్షిణ మధ్య రైల్వే కిందికి వచ్చాయి.

నగరం లోపల తిరిగే మనిషికి ఈ స్టేషను నిజంగా దగ్గరైంది మాత్రం ఈమధ్యనే. దక్షిణ లైను 1990లలో బ్రాడ్‌గేజ్‌గా మారింది. ఆ మార్పు లేకపోతే 2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ బండి పాతబస్తీకి వచ్చేది కాదు. కొత్త దారి తవ్వలేదు, నిజాం కాలపు దారినే వాడుకున్నారు. ఫలక్‌నుమాలో ఎక్కినవాళ్లు ఉప్పుగూడ, యాకుత్‌పుర, దబీర్‌పుర, మలక్‌పేట దాటి, మూసీ మీదుగా కాచిగూడ చేరతారు. విద్యానగర్ తర్వాత జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ. యూనివర్సిటీ పిల్లలు దిగిపోతే పెట్టెలో కాస్త గాలి ఆడుతుంది. బస్సు మారి మారి వెళ్లే ఖర్చు భరించలేని కుటుంబంలో ఒక ఆడపిల్ల డిగ్రీ దాటి పైచదువుకు వెళ్లగలగడం వెనుక ఈ లోకల్ బండి ఉందని నేను నమ్ముతాను.

అందుకే ఈ లైను మీద ఒక బండి రద్దయితే నాకు మనసు చివుక్కుమంటుంది. ఎంఎంటీఎస్ మొదటి దశ ఖర్చును రాష్ట్రం, రైల్వే కలిసి భరించాయి. అంటే అది మన డబ్బే. ఏ బండి ఎందుకు తగ్గించారో, తిరిగి ఎప్పుడు వేస్తారో కాచిగూడ ప్లాట్‌ఫారం మీద బోర్డు రాసి పెట్టమని అడుగుదాం. ఆ అర్జీ రాసి తెచ్చాను, గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది. చదివి, సమ్మతమైతే సంతకం చేయండి.