పుస్తకానికి ఇంటి సాక్ష్యం

పట్టాలు అందుకుంటున్న పిల్లలకూ, ఇవాళ పని మానుకుని మొఘల్‌పురా గల్లీల్లోంచి వచ్చిన తల్లిదండ్రులకూ అభినందనలు.

1953 జనవరి 12న మన ఉస్మానియా విశ్వవిద్యాలయం డాక్టర్ అంబేడ్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. కొలంబియా, లండన్ డాక్టరేట్లు ఆయనకు అప్పటికే ఉన్నాయి. వాటన్నిటికంటే ముందు ఆయన ఎక్కిన ఎడ్లబండి గురించి చెబుతాను.

అప్పటికి ఆయనకు తొమ్మిదేళ్లు. తండ్రి దగ్గరికని అన్నతో, ఇంకొందరు పిల్లలతో మసూర్ స్టేషన్‌లో దిగారు. కులం తెలియగానే బండ్లవాళ్లు రామన్నారు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు. కానీ బండి పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడిచొస్తాడు! ఆ రాత్రంతా వాళ్లకు గుక్కెడు నీళ్లు పుట్టలేదు.

ఆ పిల్లవాడే పెద్దయ్యాక, 1913లో న్యూయార్క్ వెళ్లి కొలంబియాలో తత్వవేత్త జాన్ డ్యూయీ పాఠాలు విన్నారు. ప్రజాస్వామ్యమంటే ప్రభుత్వం ఒక్కటే కాదు, మనుషులు అనుభవాలు పంచుకుంటూ కలిసి బతకడమని డ్యూయీ 1916 నాటి తన పుస్తకంలో రాశారు. గొప్ప మాటే. అయితే రెట్టింపు కిరాయికి కూడా పక్కన కూర్చోనన్న బండివాడు ఆ పుస్తకంలో లేడు. అలాంటివాళ్లను లెక్కలోకి తెచ్చింది అంబేడ్కర్ 1936లో రాసిన కులనిర్మూలన ప్రసంగం. ఆ ప్రసంగానికి పిలిచిన లాహోర్ నిర్వాహకులు సభే రద్దు చేస్తే, అంబేడ్కర్ దాన్ని సొంత ఖర్చుతో అచ్చువేయించారు. అందులో డ్యూయీని గురువుగా తలుచుకున్నారు. గురువు మాట వల్లించలేదు, మన ఊళ్ల మీద పెట్టి చూశారు. నా దృష్టిలో శిష్యరికం అదే. ఉపన్యాసాలిచ్చే మాలాంటివాళ్లకు అంతగా రుచించదనుకోండి!

ఆ బండి దగ్గర జరిగినలాంటి అవమానం లక్షలమంది పడ్డారు. పడినంత మాత్రాన ప్రశ్న పుట్టదు, దాన్ని నిలబెట్టి అడగడానికి చదువు కావలసి వచ్చింది.

అలా పుస్తకాన్ని మన ఊరి మీద పెట్టి చూసే పని మీరూ చేయవచ్చు. మీలో అర్థశాస్త్రం చదివినవాళ్లున్నారు. పుస్తకంలో ఇల్లు వేరు, కార్ఖానా వేరు, పనికి గంటలుంటాయి. లాడ్‌బజార్‌లో అమ్మే లక్క గాజులకు ఇంటి దగ్గర రాళ్లు పొదిగే ఆడవాళ్లకు అన్నీ ఒకే గదిలో. లక్క మెత్తగా ఉండగానే రాయి కూర్చోవాలి, అంతలో పొయ్యి మీద పాలు పొంగుతాయి, చంటిపిల్ల లేస్తుంది. కూలి గంటల లెక్కన కాదు, గాజుల లెక్కన. మరి ఆమె పనిదినం ఎంతసేపు?

ఈ సెలవుల్లో మీ గల్లీలో ఒక ఇంట్లో అడిగి, వారం రోజుల పని, కూలి రాసుకోండి. పాఠంలోని పనిదినం నిర్వచనంతో పోల్చి చూడండి. పొసగకపోతే ఆ కాగితం తెచ్చి మీ లెక్చరర్ల చేతిలో పెట్టండి. పట్టా ఇచ్చేసినా వాళ్లు మీకు జవాబు బాకీయే.