తెలివితక్కువ తిట్ల పుట్టుక



1998వ సంవత్సరమున హైదరాబాదు మాదాపురములో సైబర్ టవర్సు ప్రారంభమైనది మొదలు, హైటెక్ సిటీయందును గచ్చిబౌలియందును మన పల్లెల పిల్లలు వేలకొలది ఉద్యోగములు చేయుచున్నారు. పండుగకు వారింటికి వచ్చునపుడు జీతముతోపాటు కొన్ని మాటలను గూడ తెచ్చుచున్నారు. తమ్ముడు లెక్క తప్పినచో ‘ఇడియట్’ అందురు. తాత సెల్‌ఫోను నొక్కలేక తడబడినచో ‘డంబ్’ అని నవ్వుదురు. ఈ మాటల భావము మనకు తెలియును. వాని పుట్టుకను గూర్చి నేడు మనవి చేయదలచితిని.

తిట్టు ఏ భాషలోనైనను కంటి యెదుటి వస్తువు నుండియే తరచుగా పుట్టును. మనము చురుకు లేనివానిని మొద్దు అందుము. కదలని దుంగతో పోలిక అది. ఆంగ్లేయులును అట్టివానిని ‘బ్లాక్‌హెడ్’ అనిరి. కొయ్యతల యని యర్థము. పైరు నిలువని నేల చవటనేల, పనికిరానివాడు చవట. ఇంగ్లీషులోని ‘ఫూల్’ అను మాట, కొలిమితిత్తికి గల లాటిను పేరు నుండి వచ్చినది. లోపల గాలియే గాని సరుకు లేదని భావము. ఈ మాటలలో పరిహాసమున్నది గాని, ఒకరి వృత్తినిగాని రోగమునుగాని యెత్తిపొడుచుట లేదు.

అన్ని మాటలు నిట్టివి కావు. సినిమాల మూలమున మనకు పరిచితమైన ‘విలన్’ అను మాట, మొదట ప్రభువుల పొలములలో పాటుపడు పాలేరు పేరు. మోటువానిని చెప్పు ‘బూర్’ అను మాటకు డచ్చి భాషలో రైతని యర్థము. ‘క్లౌన్’ అనగా మొదట పల్లెటూరివాడే. పండించి పెట్టినవానినే పట్టణమువారు మూఢుల లెక్కలో జేర్చిరి. మనలో ‘పల్లెటూరి బైతు’ అనుటయు నీ త్రోవలోనిదే.

పండితులకును ఈ బాధ తప్పలేదు. 1308లో మరణించిన జాన్ డన్స్ స్కాటస్ గొప్ప తత్త్వవేత్త. 16వ శతాబ్దమున క్రొత్త చదువులవారు ఆయన మార్గమును విడువని వారిని పరిహసించి ‘డన్సులు’ అనిరి. నాటి నుండి ఆ మహాపండితుని పేరు పాఠము రాని బాలుని నెత్తిన పడినది. క్రొత్తవిద్య నేర్చినవారు పాతవిద్యవారిని తెలివిలేనివారనుట నేటి వింత గాదు.

ఇక ‘ఇడియట్’. ఇది గ్రీకు మాట. ఊరి కార్యములలో జోక్యము లేక తన పని తాను చూచుకొనువాడని మొదటి యర్థము. కాలక్రమమున అది బుద్ధి యెదగనివానికి పేరైనది. మన దేశమున 1912 నాటి ఉన్మాదుల చట్టములో గూడ ఆ మాట యుండెను. 1910లో అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు హెన్రీ గాడర్డ్, బుద్ధివయస్సు 2 ఏండ్లు దాటనివారిని ఇడియట్లనియు, 3 మొదలు 7 వరకు ఇంబెసైళ్లనియు, 8 మొదలు 12 వరకు మోరాన్లనియు విభజించెను. ‘మోరాన్’ అను పేరును గ్రీకు నుండి ఆయనయే కల్పించెను.

ఈ పేర్లు పుస్తకములలో నిలిచిపోలేదు. కారీ బక్ అను యువతికి బుద్ధిమాంద్యమున్నదని చెప్పి, ఆమె సమ్మతి లేకయే సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయవచ్చునని 1927లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆమెకు బుద్ధిమాంద్యము లేనేలేదని తరువాతి పరిశోధకులు తేల్చిరి. పేరు పెట్టుట వలన ఎంతటి కీడు మూడునో చూడుడు.

‘డంబ్’ అనగా మూగ యని తొలి యర్థము. మాటాడలేనివానికి బుద్ధియు లేదను అపోహ దానిలో దాగియున్నది. ‘క్రెటిన్’ అను తిట్టు ఆల్ప్సు కొండలలో పుట్టినది. అయోడిన్ కొరతచే బుద్ధియు శరీరమును ఎదగనివారిని, వీరును మనవంటి మనుష్యులే యను దయతో అచటివారు ‘క్రైస్తవుడు’ అను తమ మాటతో పిలిచిరందురు. దయతో పెట్టిన పేరును తిట్టుగా మారినది. ఆ కొరత తీరుటకు మన దేశములో 1962 నుండియే అయోడిన్ ఉప్పు పంపిణీకి పూనుకొనిరి. చిటికెడు ఉప్పుతో నివారింపదగిన రోగము లోకమునకు పరిహాసమైనది.

సికింద్రాబాదు మనోవికాసనగరమున 1984లో స్థాపితమైన జాతీయసంస్థ పేరులో మొదట ‘మానసిక వికలాంగులు’ అని యుండెను. నేడది మేధో వైకల్యముగల వ్యక్తుల సాధికారత సంస్థ. పేరు మారినంతనే మనస్సు మారునా యని మీరడుగవచ్చును. మారదు. క్రెటిన్ కథయే దానికి సాక్ష్యము. అందువలననే చట్టమును కావలసివచ్చినది. వికలాంగుని నలుగురిలో కావలెనని అవమానించినవానికి 6 నెలలు మొదలు 5 ఏండ్ల వరకు కారాగారశిక్షయు జరిమానాయు 2016 నాటి చట్టము విధించుచున్నది.

మనుమలను మాత్రమే మందలించుట న్యాయము గాదు. మనము కోపమునను ముద్దునను పిల్లవానిని ‘వెధవ’ అందుము. అది విధవ శబ్దమే. భర్తను పోగొట్టుకొన్న చెల్లెలు పెరటిలో వినుచుండగనే ఆ మాట పలుకుచున్నాము. పిల్లవాడు దానిని మరునిమిషమున మరచును, ఆమె మరువదు.

కావున ఇంట ఈ మాట వినబడినపుడు, అది మొదట ఎవరి పేరో పిల్లలకు చెప్పుడు. తిట్టక తప్పనిచో మొద్దు అనుడు; దుంగకు నొప్పి లేదు. అంతకంటె, చేసిన తప్పేదో విప్పి చెప్పినచో పిల్లవాడు బాగుపడును.